నాలుగు రంగుల వంశావళి

నాకు ఇరవై ఏళ్లున్న ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తరువాతే ఒక్కొక్కటిగా పుట్టుకొచ్చాయి. చేవెళ్లలో డిగ్రీ రెండో ఏడు చదివేదాన్ని. పొద్దున పాలు పోసే ఆయనతో నీళ్ల గురించి, మధ్యాహ్నం కాలేజీలో చరిత్ర సారుతో నిజాముల గురించి, సాయంత్రం బాపుతో ఏదో ఒకదాని గురించి, ఆదివారం చర్చి అయిపోయాక మా పాస్టరయ్యగారితో ఆయన అప్పుడే చేసిన ప్రసంగం గురించి వాదన పెట్టుకునేదాన్ని. ఇంట్లో నన్ను సొంత పేరుతో పిలిచిన జ్ఞాపకం తక్కువ. 'వకీలు' అనేవాళ్లు. చుట్టాలెవరైనా వస్తే బాపు గడపలోనే వాళ్లకు చెప్పి ఉంచేవాడు: "జర నిమ్మళంగ మాట్లాడుండ్రి, మా వకీలు ఇంట్లనే ఉన్నది." నేను దాన్ని పొగడ్త అనుకునేదాన్ని. (చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పటికీ కొంచెం అనుకుంటాను.)

ఏటా కోతకాలపు పండుగకు మా చర్చిలో యువతకు బైబిలు క్విజ్ పెట్టేవాళ్లు. ముందటేడు క్విజ్‌లో నేను లేచి నిలబడి, ఓడ కట్టింది ఎవరు, సింహాల గుహలో పడింది ఎవరు అని డిగ్రీ చదివేవాళ్లను అడగడం అవమానం అన్నాను. అయ్యగారు మెత్తని మనిషి. కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకుని, "మంచిదమ్మా, వచ్చే ఏడు నీకు తగినయే ఇస్తం" అన్నారు. మెత్తని మనుషుల జ్ఞాపకశక్తి మీద నాకప్పుడు అంచనా లేదు. మరుసటి ఏడు నోటీసు బోర్డు మీద పాఠ్యభాగం అంటించారు: దినవృత్తాంతాల మొదటి గ్రంథం, ఒకటి నుంచి తొమ్మిది అధ్యాయాలు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఆ తొమ్మిది అధ్యాయాల్లో కథ ఉండదు, ఉన్నదల్లా పేర్లు. ఆదాము మొదలుకొని ఎవరికి ఎవరు పుట్టారు, మళ్లీ వాళ్లకు ఎవరు పుట్టారు, అంతే. మా ఇంట్లో కుటుంబ ప్రార్థనకు వరుసగా చదువుకుంటూ వచ్చి, ఆ చోటు రాగానే అమ్మ వేలు తడి చేసుకుని తొమ్మిది అధ్యాయాలూ ఒక్కసారే తిప్పేసేది. "పేర్లే గదనే, వాళ్లెవలో దేవునికి ఎరికే" అనేది. నోటీసు చూసి యువతలో సగం మంది క్విజ్ మానుకున్నారు. నేను మానుకుంటే అయ్యగారు గెలిచినట్టవుతుంది కాబట్టి మానుకోలేదు.

రెండు రోజులు గుడ్డిగా బట్టీ పట్టాను. మూడో రోజు అన్నం తింటూ ఉండగా నాకొక సంగతి తట్టింది. ఇవి పేర్లు కావు, చుట్టాలు. ఎక్కడికైనా పెళ్లికి పోతే, పక్కన కూర్చున్న మనిషి తనకు ఏమవుతాడో తేల్చుకోనిదే ముద్ద మింగలేని వాళ్లం మనం. మనకు రాకపోతే ఈ తొమ్మిది అధ్యాయాలు ఇంకెవరికి వస్తాయి? ఎడమ చేత్తోనే గోడకున్న పాత క్యాలెండర్లన్నీ దించాను. వెనక తెల్లటి వైపులు ఒకదానికొకటి అతికించి, నాలుగు రంగుల పెన్సిళ్లు తెచ్చుకున్నాను. మగవాళ్లకు నీలం, ఆడవాళ్లకు ఎరుపు, రెండో పెళ్లిళ్లకు ఆకుపచ్చ, సంతానం లేనివాళ్లకు నలుపు. గీత గీస్తున్నకొద్దీ నాకు ఒళ్లు ఝల్లుమనేది. బట్టీ పట్టినప్పుడు రాళ్లలా ఉన్న పేర్లు, గీతలు కలిసేసరికి అన్నలూ తమ్ముళ్లూ మామలూ అయి కూర్చున్నాయి. ఉత్సాహం పట్టలేక పక్క పుస్తకాల్లోకి కూడా పోయి వరసలు తేల్చాను. యాకోబు చేసుకున్నది సొంత మేనమామ కూతుళ్లను, పక్కా మన సంబంధం. ఇస్సాకు దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ఆయన పెళ్లాం రిబ్కా వాళ్ల నాయన ఇస్సాకుకు చిన్నాన్న కొడుకు అవుతాడు. అంటే అన్నో తమ్ముడో. అంటే రిబ్కా మన లెక్కలో ఇస్సాకుకు కూతురు వరస. ఈ సంగతి చెబితే అమ్మ బియ్యం ఏరుతున్న చాట కింద పెట్టి, "నీకు క్విజ్ వద్దు, ఏమొద్దు, ఆ కాయిదాలు పొయ్యిల పెడత" అంది.

నన్ను అన్నిటికన్నా మండించింది మాత్రం ఎర్ర పెన్సిల్. నీలం పెన్సిల్ అరిగి అరిగి బొటనవేలంత అయింది, ఎర్రది కొన్నప్పటి మొనతోనే ఉంది. తండ్రి, కొడుకు, మనవడు, ముని మనవడు. ఎక్కడో ఒక చోట తల్లి పేరో కూతురి పేరో దయతలచి రాశారు. నేను చార్టు చుట్ట పట్టుకుని అయ్యగారింటికి పోయి, "ఇంతమంది మొగోళ్లకు వండి పెట్టింది ఎవలు అయ్యగారూ?" అని అడిగాను. ఆయన టీ తాగుతున్నారు. "రాసినాయన మొగాయన గదమ్మా, యాది మర్చి ఉంటడు" అన్నారు. "యాది మర్చుడేంది, ఇంట్ల ఉన్న బిడ్డను లెక్కల రాయకపోతే అది మర్చుడు గాదు, గుడ్డితనం" అన్నాను. పాపం అమ్మగారు, అయ్యగారి భార్య, లోపలి నుంచి నాకూ ఒక కప్పు టీ తెచ్చి ఇచ్చింది, ఆ మాట ఆమెకు బాగా నచ్చినట్టుంది.

ఈ మహాయజ్ఞంలో నాకు ఒక సహాయకుడు ఉండేవాడు. మైకు బావ. అజీజ్‌నగర్‌లో ఉండి, పెళ్లిళ్లకూ సువార్త సభలకూ మైకు సెట్లు కిరాయికి ఇచ్చేవాడు. మా చర్చి మైకు బాగు చేయడానికి అని నెలకు నాలుగుసార్లు వచ్చేవాడు. (ఆ మైకు అన్నిసార్లు ఎందుకు చెడిపోయేదో నేను అప్పుడు ఆలోచించలేదంటే అబద్ధం.) బావ అంటే ఎలా బావ అంటే, సురంగల్‌లో మాకు ఒక తాత ఉండేవాడు. మాదీ ఆయనదీ ఒకటే ఇంటిపేరు. మా సొంత తాతా ఆయనా అన్నదమ్ముల పిల్లలని అందరి లెక్క. మా తాత ఎప్పుడో చేవెళ్ల దిక్కు వచ్చేశాడు, ఆయన అక్కడే ఉండిపోయాడు. కాబట్టి సురంగల్ తాత కూతురు మాకు మేనత్త, ఆమె కొడుకు మాకు బావ. మైకు బావ బైబిలు చేతిలో పట్టుకుని కూర్చునేవాడు, నేను పేర్లు అప్పజెప్పేదాన్ని. ఒకసారి యూదా గోత్రమంతా ఊపిరి తీసుకోకుండా చెప్పి ఆగితే, "ఇన్ని పేర్లు యాది పెట్టుకుంటివి మరదలా, మరి నా పేరు యాదున్నదా?" అన్నాడు. "నువ్వు ఏ గోత్రంల లేవు, నీ పేరు నాకెందుకు" అన్నాను. అని, లోపలికి పోయి మంచినీళ్లు తాగి, అద్దంలో ముఖం చూసుకుని వచ్చాను. బాపు ఒకసారి అమ్మతో, "చదువు అయిపోని, వానికే అడుగుదం" అన్నది నేను తలుపు వెనక నుంచి విన్నాను. ఆ ఒక్క విషయంలోనే నేను బాపుతో వాదించలేదు.

ఇంతలో మా ఇంట్లో పిడుగు పడింది. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మగా ఉన్న మా అక్క, ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి, శంకర్‌పల్లి నుంచి వచ్చిన సంబంధం వద్దంది. ఎందుకు వద్దంటే, దవాఖాన అన్నను చేసుకుంటానంది. మొయినాబాద్ దవాఖానలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం అతనిది. బడి పిల్లలకు పరీక్షలు చేయించడానికని పోయి పోయి అక్క మనసు అక్కడ పెట్టుకుంది. పిల్లవాడు బంగారం, ఎవరూ కాదనరు. వచ్చిన చిక్కల్లా, అతను ఆ సురంగల్ తాతకే కొడుకు కొడుకు. కూతురి కొడుకు బావ అయినప్పుడు, కొడుకు కొడుకు ఏమవుతాడు? అన్న. ఒకే ఇంటిపేరు, ఒకే రక్తం.

"తోడబుట్టినోని లెక్క గదనే వాడు" అని అమ్మ కూలబడింది.

"నేను ఆయన్ని అన్న అని ఎన్నడు పిల్వలే. నోరు రాలే" అంది అక్క. ఆమె జీవితంలో అంత పెద్ద ప్రసంగం నేను వినలేదు.

బాపు శంకర్‌పల్లి వాళ్లకు వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం ప్రధానానికి రమ్మని కబురు పంపాడు. అంటే మాకు పదిహేను రోజులు. అక్క అన్నం మానేసింది. మానేసి కూడా బడికి ఆలస్యమవుతుందని పొద్దున్నే లేచి టిఫిన్ డబ్బా సర్దుకునేది, ఖాళీ డబ్బా సర్దుకుని పోయేది. అది చూశాక నేను ఊరుకుంటానా. నా చేతిలో తొమ్మిది అధ్యాయాలున్నాయి. బాపు భోజనానికి కూర్చున్నప్పుడు మొదలుపెట్టాను. సెలోపెహాదు అని ఒకాయన ఉన్నాడు, కొడుకులు లేరు, ఐదుగురు బిడ్డలు, ఆ ఐదుగురూ తమ చిన్నాయనల కొడుకులనే చేసుకున్నారు, అదీ మోషే ముందర, దేవుడు ఒప్పుకుని, అని చెప్పాను. మా వరసలో అది అన్నను చేసుకోవడమే కదా, మరి దేవునికి లేని అభ్యంతరం మీకెందుకు అని ముగించాను. బాపు ముద్ద కంచంలో పడేసి, చేయి కడుక్కుని, నేరుగా అయ్యగారి దగ్గరికి నన్ను లాక్కుపోయాడు.

అయ్యగారు అంతా విన్నారు. "పిల్ల చెప్పింది రాసి ఉన్నది నిజమే" అన్నారు. నేను బాపు వైపు తలెగరేశాను. "కని అది వాళ్ల వరస. మనది మనకున్నది. నీ దగ్గర వాక్యం ఉన్నదని, రేపు ఊరు ఊరంత చిన్నాయన కొడుకులను చేసుకుంటరా? ఈ సంఘంల అది నడ్వది. అయిపోయింది" అన్నారు. మెత్తని మనిషి 'అయిపోయింది' అంటే ఎంత గట్టిగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఆ పూట నుంచి అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అంటే ఇంట్లో ఒకరు అన్నం మానేశారు, ఒకరు మాట మానేశారు, ఇదంతా నా సహాయం వల్లనే.

మూడు రోజుల తరువాత, కోపంతో రెండో అధ్యాయం మళ్లీ గీస్తూ ఉంటే శేషాను తగిలాడు. అంతకుముందు పదిసార్లు చదివిన పేరే. శేషానుకు కొడుకులు లేరు, ఆడపిల్లలే. ఆయన దగ్గర యర్హా అని ఐగుప్తు దేశపు దాసుడు ఒకడున్నాడు. ఆయన తన కూతురిని ఆ పనివాడికే ఇచ్చి పెళ్లి చేశాడు. ఇక అక్కడి నుంచి వాళ్ల పిల్లలు, వాళ్ల పిల్లల పిల్లలు, పదమూడు తరాలు వరుసగా యూదా గోత్రపు లెక్కలోనే రాసి ఉన్నాయి. నా పెన్సిల్ ఆగిపోయింది. వంశం పేరు ఒకటే, కానీ పైకి పోతే మధ్యలో ఒక చోట కూతురు ఉంది. ఒకే పేరున్నంత మాత్రాన అందరూ అన్నదమ్ముల పిల్లలే అని ఎవరు చెప్పారు? మా సురంగల్ తాతా మా తాతా అన్నదమ్ముల పిల్లలని చెప్పిన వాళ్లంతా ఎవరు? మగవాళ్లు. వాళ్ల తల్లుల పేర్లు ఎవరైనా అడిగారా?

మరునాడు కాలేజీ ఎగ్గొట్టి, మైకు బావ ట్రాలీ ఆటోలో సురంగల్ పోయాను. ముందు సీట్లో అతనూ నేనూ, వెనక రెండు గొట్టం మైకులు. చార్టు గాలికి ఎగిరిపోకుండా ఒక గొట్టంలో దూర్చాం. మొయినాబాద్ దాటి లోపలికి తిరిగేదాకా నేను శేషాను గురించే చెబుతున్నాను. "నాకు ఒక్క ముక్క సమజ్ కాలే, కని నువ్వు చెప్తుంటే మంచిగున్నది" అన్నాడు బావ. సురంగల్ అవ్వ, అంటే తాత భార్య, వాకిట్లో కూర్చుని అంగడికి పాలకూర కట్టలు కడుతోంది. నేను పక్కన కూర్చుని నాలుగు కట్టలు వంకరగా కట్టి, అవి ఆమె విప్పి మళ్లీ కడుతుండగా అడిగాను.

"అవ్వా, మీ అత్త పేరేంది?"

అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "నలభై ఏండ్ల సంది ఈ ఇంట్ల ఎవ్వలు అడగలే ఆ పేరు" అంది. పేరు చెప్పింది. నేను ఎర్ర పెన్సిల్‌తో రాసుకున్నాను.

"ఆమె తల్లిగారిది ఏ ఊరు?"

"ఏ ఊరేంది బిడ్డా, గీ ఊరే. గీ ఇల్లే. గీ ఇంట్లనే పుట్టింది, గీ ఇంట్లనే పోయింది."

"మరి మీ మామ?"

అవ్వ తాత వినే దూరంలో ఉన్నాడా అని చూసి, గొంతు తగ్గించింది. "మా మామది దొంతన్‌పల్లి. ఈడికి జీతానికి వచ్చిండు. పని మంచిగ చేస్తడని పెద్దమనిషి ఆయనకు తన బిడ్డనిచ్చి ఇల్లుటం ఉంచుకున్నడు. ఇగ ఆయన ఇంటిపేరు ఎవలు అడుగుతరు? ఈ ఇంట్ల ఉన్నడు, ఈ ఇంటోడే అయిండు. మీ ముత్తాత ఆమెకు తోడబుట్టినోడు. గీ ముచ్చట ముసలోని ముందర ఎత్తకు, సంపుతడు."

నాకు చెవుల్లో గంటలు మోగాయి. మా ముత్తాతా సురంగల్ తాత తల్లీ అన్నాచెల్లెళ్లు. అంటే మా తాతా సురంగల్ తాతా అన్నదమ్ముల పిల్లలు కారు, బావాబామ్మర్దులు. అంటే వాళ్ల కొడుకులు బావాబామ్మర్దులు. అంటే మా అక్కకు దవాఖాన అన్న... నేను పాలకూర కట్ట చేతిలో పట్టుకుని లేచి గంతేశాను. బావ ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. "యర్హా దొరికిండు" అన్నాను. అతను సురంగల్‌లో యర్హా ఎవరా అని చుట్టూ చూశాడు.

శంకర్‌పల్లి వాళ్లు రావలసిన ఆదివారానికి ముందు ఆదివారం, చర్చి అయ్యాక, అయ్యగారింటి వరండాలో పంచాయితీ పెట్టించాను. బాపు రానంటే, అయ్యగారే పిలిపించారు. సురంగల్ నుంచి తాత, అవ్వ, దవాఖాన అన్న వచ్చారు. సంఘపెద్దలు చాపల మీద, అక్క తలుపు వెనక. మైకు బావ చర్చి మైకు విప్పడానికని వచ్చి, వరండా చివర మోచేతికి వైరు చుట్టుకుంటూ కూర్చున్నాడు. నేను గోడకు నాలుగు మేకులు కొట్టి చార్టు వేలాడదీశాను. ఒకవైపు శేషాను కుటుంబం, ఒకవైపు మా కుటుంబం. ఎర్ర గీత దగ్గర వేలు పెట్టి, "మా ముత్తాతకు ఒక చెల్లె ఉన్నది. ఆమె కొడుకే ఈ తాత" అన్నాను.

తాత కర్ర నేలకు కొట్టాడు. ఆయన తెల్లటి పంచె, ఇస్త్రీ అంగీ వేసుకుని, మా ఇంటిపేరుకు అసలు వారసుడిని తనే అన్నట్టు కూర్చునే మనిషి. "ఎవతె చెప్పింది? మా నాయన ఈ ఇంటోడే. ఇంకో మాట మాట్లాడితే పిల్లగాని పెండ్లి లేదు, ఏం లేదు, లేస్తున్న" అన్నాడు.

"కూసో" అంది అవ్వ. అంత నిమ్మళంగా అంది కాబట్టి ఆయన కూర్చున్నాడు. "మీ నాయన పొద్దు గూకంగ దొంతన్‌పల్లి దిక్కు మొకం పెట్టుకోని కూసునేటోడు. నేను కండ్లార చూసిన. నీకు యాది లేదా?"

తాత కర్ర పక్కన పెట్టాడు. "యాదున్నది" అన్నాడు. "బడిల పోరగాండ్లు నన్ను ఇల్లుటపోని కొడుకు, జీతగాని కొడుకు అని ఎక్కిరిచ్చేటోళ్లు. ఆ దినం సంది నేను ఎవలకు చెప్పలే. గీ వయసుల గిందరి ముందర చెప్పుమంటరా?"

 గెలవడానికి వచ్చినదాన్ని, ఏం చేయాలో తోచక, చార్టులో శేషాను వైపు చూపించాను. "తాతా, ఈయన కూడ జీతగాడే. పరదేశపోడు. ఈయన పిల్లలను సూడు" అని చెప్పడం మొదలుపెట్టాను. అత్తయి, నాతాను, జాబాదు, ఎప్లాలు, ఓబేదు, యెహూ, అజర్యా, హేలెస్సు, ఎలాశా, సిస్మాయీ, షల్లూము, యెకమ్యా, ఎలీషామా. ఒక్కొక్క నీలం చుక్క మీద వేలు పెట్టుకుంటూ పోయాను. ఆ తరువాత క్విజ్‌లో కూడా అంత నెమ్మదిగా చెప్పలేదు.

తాత లేచి చార్టు దగ్గరికి వచ్చాడు. చదువు రాకపోయినా వేలితో చుక్కలు లెక్కపెట్టాడు. "పదమూడు తరాలు. జీతగాని పిల్లలయి?"

"దేవుని పుస్తకంల" అన్నాను.

ఆయన అయ్యగారి వైపు తిరిగాడు. అయ్యగారు తల ఊపారు. తాత నా వైపు తిరిగి, "అయితే రాయి. మా నాయన పేరు రాయి. ఊరు కూడ రాయి, దొంతన్‌పల్లి అని" అన్నాడు. నేను రాస్తుంటే బాపు లేచొచ్చి తాత చేయి పట్టుకున్నాడు. "మరి నేనిన్నేండ్లు నిన్ను చిన్నాయనా అన్న. ఇగ మామా అనాలె గదా" అన్నాడు. తలుపు వెనక అక్క ముక్కు చీదిన చప్పుడు వినబడింది. దవాఖాన అన్న, అంటే ఆ క్షణం నుంచి దవాఖాన బావ, ఎటు చూడాలో తెలియక వరండా పైకప్పు చూశాడు. సంఘపెద్దల్లో ఒకాయన "బరాబర్ ఉన్నది" అన్నాడు. నేను నేల మీద లేను. నా ఇరవై ఏళ్లలో అంతటి గెలుపు లేదు, ఆ తరువాతా లేదు.

అప్పుడు అవ్వ చార్టు దగ్గరికి వచ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని దగ్గరగా చూసింది. "ఇవేంది బిడ్డా, ముసలోని కిందికెల్లి మూడు చుక్కలు?"

"నీ ముగ్గురు కొడుకులు అవ్వా."

"మరి నా బిడ్డ యాడున్నది?"

చూశాను. మూడు నీలం చుక్కలు. ఎర్ర చుక్క లేదు. తల్లుల పేర్లు లేవని అయ్యగారితో యుద్ధం చేసిన నేను, ఇంట్లో ఉన్న బిడ్డను రాయకపోవడం గుడ్డితనమన్న నేను, తాతకు కొడుకులు ముగ్గురని రాసుకుని, అక్క పెళ్లికి అంతే కావాలి కాబట్టి, అక్కడితో ఆపేశాను. సిగ్గుపడి, ఎర్ర పెన్సిల్ తీసి ఆమె చుక్క పెట్టాను. దాని కింద ఆమె కొడుకుకు నీలం చుక్క పెట్టాను. పెట్టి, అలవాటు కొద్దీ వరస తేల్చాను. తాత మా తాతకు బావ అయినప్పుడు, ఆయన కూతురు మా బాపుకు చెల్లెలు కాదు, మరదలు. బాపుకు మరదలైన మనిషి నాకు మేనత్త కాదు, చిన్నమ్మ. చిన్నమ్మ కొడుకు...

"అన్న" అంది అవ్వ, నా కన్నా ముందే లెక్క తేల్చుకుని. "ఇగ వీడు నీకు అన్న బిడ్డా. మంచిగైంది, నీకు అన్నదమ్ములు లేరు గదా."

వరండాలో అందరూ నవ్వారు. వరండా చివర మోచేతికి చుట్టుకుంటున్న వైరు ఒక్క క్షణం ఆగి, మళ్లీ చుట్టుకోవడం మొదలైంది. బాపు మాత్రం నవ్వలేదు, నా వైపు చూశాడు. నాలాంటి దానికి వాదన దొరకదా. దొరికింది. ఒక్క మాటతో ఆ చార్టు మొత్తాన్ని అనుమానంలో పడేయగలను; అవ్వ జ్ఞాపకం, తాత జ్ఞాపకం తప్ప దానికి సాక్ష్యమేముంది? కానీ ఆ చార్టు గోడ మీద ఉంటేనే అక్క అన్నం తింటుంది. చార్టు దిగితే వచ్చే ఆదివారం శంకర్‌పల్లి వాళ్లు దిగుతారు. నేను మేకుల దగ్గరికి పోయి, ఒకటి వదులుగా ఉంటే గట్టిగా కొట్టాను.

మైకు సామాను ఆటోలో పెట్టుకుని వెళ్లిపోతూ అతను నా దగ్గర ఆగాడు. "మంచిగనే తేల్చినవ్, వకీలూ" అన్నాడు. మరదలా అనలేదు. అతను నన్ను వకీలు అని పిలవడం అదే మొదలు.

(క్విజ్ ఏమైందంటారా. మొదటి బహుమతి నాకే వచ్చింది, స్టీలు గిన్నెల సెట్టు. అక్కకు పెళ్లి కానుకగా ఇచ్చేశాను.)

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదివారు. మా దగ్గర పద్ధతి అది. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా ఆక్షేపణ ఉంటే లేచి చెప్పాలి అని అయ్యగారు అడిగి, కాసేపు ఆగుతారు. మొదటి ఆదివారం ఆయన ఆగి, కళ్లద్దాల మీదుగా సరాసరి నన్నే చూశారు. పక్కనున్న ఆడవాళ్లు కూడా చూశారు. ఆ చర్చిలో ఆక్షేపణ అంటే నేనే కదా. మైకు పక్కన అతను నిలబడి ఉన్నాడు. నేను పాటల పుస్తకం అట్ట మీద ఉన్న బొమ్మ చూస్తూ కూర్చున్నాను. రెండో ఆదివారం కూడా అంతే. మూడో ఆదివారం అయ్యగారు మామూలు కన్నా ఎక్కువసేపు ఆగారు. ఆ మెత్తని మనిషికి అంతా తెలుసని అప్పుడు అర్థమైంది. అంతసేపూ మైకులోంచి సన్నటి గుయ్యిమనే చప్పుడు తప్ప మరేమీ లేదు. నేను లేవలేదు. ఇంతవరకు నా జీవితంలో నేను ఏమీ అనకుండా గడిపిన నిమిషాలన్నీ కలిపితే, ఆ మూడు ఆదివారాలవే.

తరువాత నేను పీజీ చేసి, మెదక్ దిక్కు మనిషిని చేసుకున్నాను. ఏ చార్టులో ఎంత పైకి పోయినా మాకు ఎక్కడా కలవని మనిషి. నేను వాదనకు దిగితే నిద్రపోతాడు. మైకు అన్నకు అజీజ్‌నగర్ రిసార్టుల్లో పెద్ద పెద్ద సౌండ్ బాక్సుల వ్యాపారం, జుట్టుకు రంగు. పండుగలకు చెల్లెలినని నాకు చీర పెడతాడు. (రంగులు ఎంచడం రాదు. ఆ సంగతి ప్రతిసారీ చెబుతాను.) మొన్న ఆదివారం భార్యనీ కొడుకునీ తీసుకుని భోజనానికి వచ్చాడు. ఆ అబ్బాయి చేయి తుడుచుకుంటూ మా అమ్మాయిని, "మరదలా, జర మంచినీళ్లు ఇయ్యవా" అని అడిగాడు. "కాళ్లున్నయి గదా, పోయి తాగు" అంది మా అమ్మాయి, ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా. అని, ఒక నిమిషం తరువాత తనే లేచి గ్లాసు నింపింది. నేనూ అన్నా ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన పెరుగు గిన్నె వైపు తిరిగాడు, నేను కిటికీ వైపు తిరిగాను. నాలుగు పెన్సిళ్లతో లోకమంతా సరిచేయడానికి బయలుదేరిన ఆ ఇరవై ఏళ్ల పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. అన్న కొడుకు చెల్లెలి కూతురిని మరదలా అని పిలవడంలో తప్పేమీ లేదు. ఆ వరస తేల్చింది నేనే.